28 అంగుళాలా, 30 అంగుళాలా? పదేళ్ల పిల్లకు ఏ సాఫ్ట్‌బాల్ బ్యాట్

బెంగళూరు మారతహళ్లిలో ఉండే మా అక్క కూతురు స్కూల్ సాఫ్ట్‌బాల్ టీమ్‌లో చేరింది. ఇప్పటికి సరిపోయే 28 అంగుళాల బ్యాట్ కొనాలా, వచ్చే ఏడాదికీ పనికొచ్చే 30దా అని ఇంట్లో ఒకటే చర్చ.

ఖర్చు: 30దే నయం, మళ్లీ త్వరగా కొనక్కర్లేదు.

బరువు: బ్యాట్ మీద ‘-10’ అని ఉంటే, అంగుళాల్లోంచి పది తీసేయండి. మిగిలింది ఔన్సుల్లో బరువు. 28ది 18 ఔన్సులు, అంటే సుమారు 510 గ్రాములు. 30ది 20 ఔన్సులు, దాదాపు 570. తేడా అరవై గ్రాములే కదా అనిపిస్తుంది. కానీ పొడవు పెరిగితే బరువు చేతికి దూరంగా పడుతుంది, పిల్లకు అదే భారం.

స్వింగ్: 28ది చురుగ్గా తిరుగుతుంది. 30ది దూరంగా వచ్చే బంతినీ అందుకుంటుంది, కానీ సమయానికి తిప్పగలిగితేనే.

రిస్క్: బరువు మోయలేక ఒళ్లంతా వంచి ఊపడం అలవాటైతే మాన్పించడం చాలా కష్టం. నా అసలు భయం ఇదే.

షాపులో పిల్లను చేయి పక్కకు చాచి, ఒంటిచేత్తో పిడి పట్టుకుని అరనిమిషం నిలబడమన్నాం. పది లెక్కపెట్టేలోపే 30ది కిందికి వాలిపోయింది. “పిన్నీ, చెయ్యి లాగేస్తోంది” అంది. 28ది కదల్లేదు. కాలి పక్కన నిలబెడితే పిడి చివర సరిగ్గా మణికట్టు దగ్గరికొచ్చింది.

కొత్తగా నేర్చుకునేవాళ్లకు, సన్నగా ఉన్నవాళ్లకు 28. ఏడాదిగా ఆడుతూ, ఎత్తుగా ఉండి, ఆ అరనిమిషం నిలపగలిగితే 30. మేం 28ది తీసుకున్నాం.