ఎం.వి.పి. కాలనీలోని పిల్లల ఫిజియోథెరపీ కేంద్రం: మా అనుభవం

మా నాలుగేళ్ల పాప కాళ్లను రెండు పక్కలకు మడిచి ‘డబ్ల్యూ’ ఆకారంలో కూర్చోవడం, సంతోషం పట్టలేనప్పుడు చేతులను రెక్కల్లా ఆడించడం చూసి కలత చెంది, విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలోని ఒక పిల్లల ఫిజియోథెరపీ కేంద్రానికి తీసుకువెళ్లాము. థెరపిస్టు పాపను బల్ల ఎక్కించకుండా, చాప మీద అరగంట ఆడనిచ్చి, నడకనూ తుంటి కీళ్లు తిరిగే తీరునూ గమనించిన పద్ధతి నాకెంతో నచ్చింది.

తొడ ఎముక కొంత లోపలికి తిరిగి ఉన్న పిల్లలకు అలా కూర్చోవడమే సుఖంగా ఉంటుందని, 3 నుంచి 6 ఏళ్ల మధ్య తరచుగా కనిపించే ఈ అలవాటు చాలామందిలో 10 ఏళ్లు వచ్చేసరికి దానంతటదే సర్దుకుంటుందని, నొప్పి, కుంటడం, రెండు కాళ్ల మధ్య తేడా ఉంటే మాత్రం ఎముకల వైద్యుణ్ణి కలవాలని ఓపికగా వివరించారు. ప్రత్యేకమైన బూట్లేవీ అవసరం లేదన్నారు. ఆ నిజాయితీకి కృతజ్ఞురాలిని.

చేతుల కదలికల వీడియో చూసి, పేరు పెట్టి పిలవగానే ఆపుతుందా అని అడిగారు. ఆపుతుందని చెప్పాక, మూర్ఛ (ఫిట్స్) వల్ల వచ్చే కదలికలైతే సాధారణంగా అలా ఆగవని తెలిపి, అయినా మాటలు, కళ్లలోకి చూడడం, తోటి పిల్లలతో ఆడుకోవడం ఎలా ఉన్నాయో పిల్లల వైద్యుని చేత ఒకసారి పరీక్ష చేయించమన్నారు.

అపాయింట్‌మెంటు ఉన్నా గంటకు పైగా వేచి ఉండవలసి రావడం చిన్నపిల్లలకు కష్టమే. ఇది తప్పక సరిదిద్దుకోవాలి.