రోమ్ వెళ్తున్నారా? పునీత పేతురు గుడికి టికెట్ లేదు, ఎవరికీ డబ్బులు కట్టకండి

పోయిన జూన్ మూడో వారంలో అమ్మనీ, నాన్ననీ, పిన్నినీ రోమ్ తీసుకెళ్ళాను. నేను మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్నాను. వాళ్ళు ఫిరంగిపురం నుంచి విజిటర్ వీసా మీద వచ్చారు. అమ్మకి యూరప్‌లో చూడాల్సింది ఒక్కటే: వాటికన్‌లో పునీత పేతురుగారి (సెయింట్ పీటర్) సమాధి దగ్గర మోకరించి జపమాల చెప్పుకోవాలి. సరిగ్గా ఆ కోరికను అడ్డం పెట్టుకునే మా దగ్గర 180 యూరోలు గుంజారు. మన డబ్బుల్లో దాదాపు పద్దెనిమిది వేలు. సెలవులకు అమ్మానాన్నల్ని తీసుకుని వెళ్ళబోయే వాళ్ళు ఇది చదివి వెళ్ళండి. మాకు ఎవరూ చెప్పలేదు.

వాటికన్‌కి వెళ్ళేవాళ్ళు చాలామంది మెట్రో ఎ లైన్‌లో ఒట్టవియానో స్టేషన్‌లో దిగుతారు. మేమూ అక్కడే దిగాం, ఉదయం తొమ్మిదిన్నరకి. మెట్లెక్కి పైకి వచ్చామో లేదో మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ఫైలు, ఒంటి మీద నీలం జాకెట్ ఉన్న ఒకతను ఎదురొచ్చాడు. మమ్మల్ని చూడగానే హిందీలో మొదలుపెట్టాడు. "ఇండియానా దీదీ? హైదరాబాదా? టికెట్ ఉందా?" లేదన్నాను. ఈ రోజు లైన్ మూడు గంటలని, ఎండ ముప్పై ఆరు దాటుతుందని, అమ్మని చూపించి ఈ వయసులో ఆవిడ నిలబడగలదా అని అడిగాడు. గ్రూప్ ఎంట్రీ అయితే పదిహేను నిమిషాల్లో లోపల ఉంటామన్నాడు. మనిషికి 45 యూరోలు.

నాన్న మోకాళ్ళ నొప్పితో ఉన్నారు. పరాయి ఊళ్ళో హిందీ వినపడేసరికి నాకూ ధైర్యం వచ్చింది. అక్కడే దెబ్బతిన్నాను. దయచేసి ఈ ఒక్క విషయంలో జాగ్రత్తగా ఉండండి, మన భాషో పక్క భాషో మాట్లాడినంత మాత్రాన మనవాడైపోడు. అలాగని అక్కడ హిందీ మాట్లాడే వాళ్ళందరినీ అనుమానించమని కాదు. మాకు చివరికి నిజం చెప్పింది కూడా హిందీలో మాట్లాడిన ఒక బంగ్లాదేశ్ పండ్ల కొట్టాయనే.

పక్క వీధిలో చిన్న ఆఫీసుకి తీసుకెళ్ళారు. కార్డు మిషన్ పనిచేయట్లేదన్నారు, నగదు తీసుకున్నారు. స్టాంపు వేసిన ఒక స్లిప్పు, చొక్కాలకి అంటించుకోవడానికి నాలుగు స్టిక్కర్లు ఇచ్చారు. గ్రూపు నిండాలంటూ యాభై నిమిషాలు ఫుట్‌పాత్ మీదే నిలబెట్టారు. ఆ తర్వాత జెండా పట్టుకున్న ఒకమ్మాయి పాతికమందిని వెంటేసుకుని నడిపించింది. ఎక్కడికి? గుడి ముందున్న పెద్ద చదరంలో (పియాజ్జా) అందరూ నిలబడ్డ క్యూ చివరికే. ఇదేమిటని అడిగితే, "సెక్యూరిటీని ఎవరూ దాటలేరు మేడమ్, లోపల కలుద్దాం" అని వెళ్ళిపోయింది. ఆ క్యూలో గంటా ఇరవై నిమిషాలు నిలబడ్డాం. లోపల ఎవరూ కలవలేదు.

స్కానింగ్ దాటాక గుడి గుమ్మం దగ్గర ఉన్న పెద్దాయనకి నా స్లిప్పు చూపించి, ఇది ఎక్కడ ఇవ్వాలని అడిగాను. ఆయన తిప్పి తిప్పి చూసి, ఇక్కడ టికెట్ అనేదే లేదన్నారు. అమ్మకి అనువదించి చెప్పాను. "దేవుడి గుడికి టికెట్ కొనిపించారా మనచేత?" అని ఒక్క మాట అంది, అంతే. సమాధి దగ్గరికి వచ్చింది కానీ జపమాల బ్యాగులోంచి తీయలేదు. డబ్బు పోయినదానికన్నా నాకు అదే ఎక్కువ బాధ.

బయటికి వచ్చి మళ్ళీ ఆ ఆఫీసుకి వెళ్ళాను. అక్కడున్నామె స్లిప్పు అడుగున సన్న అక్షరాల్లో ఇటాలియన్‌లో ఉన్న వాక్యం చూపించింది. మేము కొన్నది గుడి ప్రవేశం కాదట, "దారి చూపించే సేవ" అట, డబ్బు వాపసు లేదట. ఆ వీధి మొదట్లో నీళ్ళు కొనుక్కుంటుంటే మా స్టిక్కర్లు చూసి ఆ పండ్ల కొట్టాయన, "అక్కా, దీనికి డబ్బు కట్టారా? చర్చి ఫ్రీ కదా" అన్నాడు. రోజూ ఇదే జరుగుతుందట.

వాళ్ళ వ్యాపారం నడిచేది ఒక తికమక మీద. వాటికన్‌లో రెండు వేర్వేరు చోట్లున్నాయి. ఒకటి పునీత పేతురు బసిలికా, అంటే గుడి. లోపలికి వెళ్ళడానికి పైసా కట్టక్కర్లేదు, సెక్యూరిటీ స్కానింగ్ మాత్రం అందరికీ ఉంటుంది. గోపురం పైకి ఎక్కాలంటే విడిగా రుసుము. రెండోది వాటికన్ మ్యూజియంలు, సిస్టీన్ చాపెల్ ఉన్నది అందులోనే. దానికి టికెట్ ఉంది, గుమ్మం కూడా వేరు, గోడ వెంట పావుగంట నడవాలి. మామూలు టికెట్ 20 యూరోలు, ముందుగా ఆన్‌లైన్‌లో కొంటే ఇంకో 5. "వాటికన్ టికెట్ ఉందా?" అని అడిగినప్పుడు ఏ వాటికన్ అని మనం తిరిగి అడగం కదా, వాళ్ళకి కావలసింది అదే. వాటికన్ మ్యూజియంల అధికారిక సైటు చిరునామా డాట్ వీఏ (.va)తో ముగుస్తుంది. మ్యూజియం టికెట్ కొనేటప్పుడు చివర ఆ రెండక్షరాలు ఉన్నాయో లేదో చూసుకోండి.

పోపుగారి దర్శనం పేరు మీద కూడా అమ్ముతున్నారు. అదే మనిషి మాకు "బుధవారం ఆడియెన్స్, ముందు వరస, 30 యూరోలు" అన్నాడు. దానికి మాత్రం పడలేదు, మా విచారణ గురువుగారు (మా చర్చి ఫాదర్) ముందే చెప్పి పంపారు కాబట్టి. బుధవారం ఆడియెన్స్ పాసులు పూర్తిగా ఉచితం. ముందు రోజు మధ్యాహ్నం వాటికన్ కంచు ద్వారం (బ్రాంజ్ డోర్) దగ్గర పోపుగారి కాపలా సైనికులు, అంటే స్విస్ గార్డులే ఇస్తారు. ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి పోపుగారు కిటికీలోంచి ఇచ్చే త్రికాల ప్రార్థన ఆశీస్సులకైతే పాసు కూడా అక్కర్లేదు, చదరంలో నిలబడితే చాలు. మన కతోలిక కుటుంబాలు ఎక్కువగా తెచ్చుకునే పోపు ఆశీర్వాద పత్రం సంగతి కూడా చెప్పాలి. 2015 నుంచి దాన్ని ఇచ్చేది వాటికన్ దానధర్మాల కార్యాలయం ఒక్కటే. బయట కొట్లలో "మేము రాయించి పెడతాం" అంటే నమ్మకండి.

కొలోసియం దగ్గర పద్ధతి వేరు. అక్కడ టికెట్ నిజంగానే కావాలి, మామూలుది 18 యూరోలు. ముప్పై రోజుల ముందు అధికారిక సైట్‌లో విడుదలవుతాయి, సీజన్‌లో చూస్తుండగానే అయిపోతాయి. మరి అవే టికెట్లు టూర్ పేరుతో మూడింతల ధరకి ఎలా దొరుకుతున్నాయి? ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ 2025 ఏప్రిల్‌లో ఇదే విషయం మీద అంతకుముందు కొలోసియం టికెట్లు అధికారికంగా అమ్మిన సంస్థకీ, ఆరు టూర్ కంపెనీలకీ కలిపి దాదాపు రెండు కోట్ల యూరోల జరిమానా వేసింది. ఆటోమేటిక్ సాఫ్ట్‌వేర్‌తో టికెట్లు ఊడ్చేసి మామూలు జనానికి దొరక్కుండా చేశారన్నది అందులో ప్రధాన ఆరోపణ. 2023 అక్టోబర్ నుంచి టికెట్ మీద పేరు ఉంటుంది, గుమ్మం దగ్గర పాస్‌పోర్టుతో సరిచూస్తారు. కాబట్టి బయట ఎవరైనా "నా స్నేహితులు రాలేదు, వాళ్ళ టికెట్లు తీసుకోండి" అంటే ఆ కాగితం మీకు పనికిరాదు. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలకి ప్రవేశం ఉచితం, వాళ్ళకి పూర్తి ధర వసూలు చేసే సైటు కనపడితే వెంటనే మూసేయండి.

ఇక చేపల సంగతి. రెండు రోజులు పాస్తా తిని విసిగి పిన్ని చేప అడిగింది. గుడికి దగ్గర్లో ఒక హోటల్‌లో మెనూ మీద 7 యూరోలు అని ఉంది. చవకే అనుకున్నాం. బిల్లులో ఆ ఒక్క చేపకే 63. ధర పక్కన చిన్నగా "ఎత్తో" అని రాసి ఉందట, అంటే వంద గ్రాములకి అని అర్థం. చేప తొమ్మిది వందల గ్రాములు. అది మోసం అని కూడా అనలేం, రాసే ఉంది. చేప ఆర్డర్ ఇచ్చే ముందు తూకం వేయించి మొత్తం ఎంతో అడిగి తెలుసుకోండి.

స్పానిష్ మెట్ల దగ్గర చేతికి దారం కట్టేవాళ్ళు, గులాబీ చేతిలో పెట్టేవాళ్ళు, కొలోసియం బయట రోమన్ సైనికుడి వేషంలో ఫొటోకి పిలిచేవాళ్ళు: చేతులు జేబులో పెట్టుకుని నడిచిపోవడమే. నాన్న మర్యాదకని గులాబీ అందుకున్నారు, అయిదు యూరోలు ఇచ్చేదాకా ఆ గులాబీ ఇచ్చినవాడు వెనకే వచ్చాడు. టెర్మిని స్టేషన్‌లో టికెట్ మిషన్ దగ్గర సాయం చేస్తామని వచ్చేవాళ్ళని దూరంగా ఉంచండి. అసలు మెట్రోకి మిషన్ దగ్గరికే వెళ్ళక్కర్లేదు, కాంటాక్ట్‌లెస్ కార్డు గేటు మీద పెడితే తెరుచుకుంటుంది, కాకపోతే మనిషికొక కార్డు ఉండాలి. ఇండియా కార్డుతో చెల్లించేటప్పుడు మిషన్ యూరోలా, రూపాయలా అని అడుగుతుంది. యూరోలే నొక్కండి, రూపాయలంటే వాళ్ళ మారకం రేటు వేసుకుంటారు. నీళ్ళ సీసాలు కొనకండి, ఊరంతా వీధి కుళాయిలే, చల్లటి మంచినీళ్ళు.

నేను చేసిన పెద్ద పొరపాటు నగదు ఇవ్వడం. కార్డుతో కట్టి ఉంటే బ్యాంకులో ఫిర్యాదు చేసి వాపసు అడగడానికైనా వీలుండేది. కార్డు మిషన్ పనిచేయట్లేదన్న మాట వినగానే వెనక్కి తిరిగి ఉండాల్సింది. పాస్‌పోర్టు పోతే మాత్రం ముందు పోలీసు దగ్గర రాతపూర్వక ఫిర్యాదు తీసుకోండి, దాన్ని పట్టుకుని మన ఎంబసీకి వెళ్ళాలి. అది రోమ్‌లోనే ఉంది, టెర్మిని నుంచి నడిచి వెళ్ళేంత దూరం. అత్యవసరానికి 112.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా ఆరున్నరకే అమ్మని లేపి బయల్దేరాను. గుడి తలుపులు ఏడింటికి తెరుస్తారు. ఏడుంబావుకి మా ముందు ఇరవై మంది కూడా లేరు, పది నిమిషాల్లో లోపలున్నాం. కుడి పక్కన మైకెలాంజెలో చెక్కిన పియెటా (చనిపోయిన యేసును ఒడిలో పెట్టుకున్న మరియమ్మ శిల్పం) ముందు అమ్మ చాలాసేపు నిలబడింది. తర్వాత సమాధి దగ్గర జపమాల తీసింది, అందులోని అయిదు రహస్యాలూ (ప్రార్థన భాగాలు) పూర్తిచేసింది. సెప్టెంబరులో మా ఊరి నుంచి పదిమంది వస్తున్నారని తెలిసి మొన్న తనే వాళ్ళకి ఫోన్ చేసింది. "గుడికి డబ్బు అడిగితే ఇవ్వొద్దు, చదరంలోకి రాగానే కుడిచేతి వైపు స్తంభాల కింద లైన్ ఉంటుంది, తిన్నగా అక్కడికే వెళ్ళండి" అని.