పోర్టింగ్ చేసిన పాత 243 హెడ్లు: మిగిలిన లోహానికే విలువ

5.3 లీటర్ల షెవర్లే ఎల్‌ఎస్ ఇంజిన్‌కు తక్కువ ఖర్చుతో బలం పెంచాలనుకునేవారు తిరిగి తిరిగి చేరేది 243 దగ్గరికే. జనరల్ మోటర్స్ మొదట ఎల్‌ఎస్6 ఇంజిన్‌కు, తరువాత ఎల్‌ఎస్2కు వాడిన అల్యూమినియం సిలిండర్ హెడ్ (సిలిండర్ల మీద మూతలా బిగించే, వాల్వులుండే భాగం) ఇది. ఆ అంకె హెడ్ పోతలోనే కనిపిస్తుంది. 799 అంకెతో వచ్చినవీ దాదాపు ఇవే. నేను కొన్నది కంపెనీ పోత మీద ఎవరో చేత్తో పోర్టింగ్ చేసి (అంటే పోర్టులు అనే గాలి దారులను లోపల కోసి సాఫీ చేసి), ఒక ఇంజిన్ మీద కొంతకాలం నడిపి, విప్పి అమ్మకానికి పెట్టిన జత. దాన్ని ఎలా పరీక్షించి తీసుకున్నాను, మెషిన్ షాపులో ఏం బయటపడింది, ఇంజిన్‌కు బిగించాక ఎలా ఉంది అన్నదే ఈ సమీక్ష.

ఇలాంటి జత కోసం వెతకడం నాకు ఇది రెండోసారి. మొదటిసారి కొన్న హెడ్ల పోర్టులు అద్దంలా మెరిసేవి. చూడగానే మనసు పారేసుకుని, ఇంటికి తెచ్చి కడిగాక గానీ ఒక ఇన్‌టేక్ పోర్టు (గాలి సిలిండర్‌లోకి వెళ్లే దారి) గోడకు లోపల ఎపాక్సీ పూసి పాలిష్ చేశారని తెలియలేదు. పైన పటారం, లోన లొటారం. మెరుపుకూ గాలి ప్రవాహానికీ పెద్దగా సంబంధం లేదు. ఇన్‌టేక్ వైపు కాస్త గరుకుగా వదిలిన గోడ వల్ల నష్టమేమీ ఉండదు. అప్పటి నుండి పోర్టింగ్ చేసిన హెడ్ చూసినప్పుడల్లా పోర్టును ఎంత పెద్దది చేశారని కాదు, గోడలో ఎంత లోహం మిగిల్చారని చూస్తున్నాను. తక్కువ కోసినవాడి పని మీద మనం మరికొంత పని చేయించుకోవచ్చు. ఎక్కువ కోసిన చోట లోహాన్ని తిరిగి పెట్టాలంటే వెల్డింగ్ తప్ప దారి లేదు, వెల్డింగ్ వేడికి ఆ చుట్టుపక్కల అల్యూమినియం మెత్తబడుతుంది.

అందుకే ఈ జతను చూడటానికి వెళ్లినప్పుడు జేబులో వేసుకున్నది ఒక సన్నని టార్చిలైటు. ఎల్‌ఎస్ కెథడ్రల్ పోర్టు (ఈ హెడ్లలో ఎత్తుగా ఉండే ఇన్‌టేక్ దారి) పుష్‌రాడ్ల, అంటే వాల్వులను తెరిపించే కడ్డీల, మధ్య నుండి వెళ్లే చోట సన్నబడుతుంది, పోర్టింగ్ చేసేవారి చేయి ముందుగా వెళ్లేది అక్కడికే. గదిలో దీపం ఆర్పించి, ఒక్కో ఇన్‌టేక్ పోర్టులో టార్చి పెట్టి, పుష్‌రాడ్ రంధ్రంలోకి కన్ను పెట్టి చూశాను. ఎక్కడా వెలుతురు చుక్క కూడా కనబడలేదు. తరువాత చూపుడు వేలును పోర్టు నేల మీద లోపలికి జరిపి, వాల్వ్ వైపు మలుపు తిరిగే చోట ఆపాను. గాలి విడిపోకుండా వంగాలంటే ఆ మలుపు గుండ్రంగా ఉండాలి, దాన్ని చదును చేసి కోసేస్తే పోర్టు పెద్దదైనా ప్రవాహం తగ్గుతుంది. ఈ జతలో ఎనిమిది మలుపులూ వేలికి ఒకేలా తగిలాయి. పని చేసినవాడు సీటు (వాల్వ్ మూసుకున్నప్పుడు ఆనుకునే అంచు) కింద అంచును, గైడ్ (వాల్వ్ కాడ జారే గొట్టం) చుట్టూ ఉన్న ఉబ్బును మాత్రమే నునుపు చేసి, పోర్టు ముఖద్వారాన్ని దాదాపు కంపెనీ కొలతలోనే వదిలేశాడు. నన్ను కొనేలా చేసింది ఆ సంయమనమే. రోడ్డు మీద తిరిగే 5.3కు మరీ పెద్ద పోర్టు పెడితే గాలి వేగం పడిపోయి, తక్కువ ఆర్‌పీఎంలో ఇంజిన్ నీరసిస్తుంది.

అమ్మినవారు ఫ్లో షీటు, అంటే పోర్టులో ఎంత గాలి వెళ్తుందో కొలిచిన కాగితం, కూడా ఇచ్చారు. దాన్ని నేను పక్కన పెట్టాను, కారణం చెప్పాలి. పరీక్ష సాధారణంగా 28 అంగుళాల నీటి పీడన వ్యత్యాసం దగ్గర చేస్తారు. అదే హెడ్‌ను 10 అంగుళాల దగ్గర కొలిచిన అంకెతో పోలిస్తే 28 దగ్గర దాదాపు 1.67 రెట్లు వస్తుంది. కాబట్టి ఎంత పీడనం దగ్గర కొలిచారో, ఎంత బోరు (సిలిండర్ వ్యాసం) మీద పెట్టి కొలిచారో, ఎగ్జాస్ట్‌కు గొట్టం తగిలించారో లేదో రాయని కాగితం వట్టి అలంకారమే. నాకు ఇచ్చిన కాగితంలో గరిష్ఠ లిఫ్ట్ (వాల్వ్ తెరుచుకునే ఎత్తు) దగ్గరి అంకె ఒక్కటే పెద్ద అక్షరాల్లో ఉంది. వాల్వ్ ఆ లిఫ్ట్‌ను ఒక్కసారే తాకుతుంది, మధ్య లిఫ్ట్‌లను తెరుచుకునేటప్పుడూ మూసుకునేటప్పుడూ రెండుసార్లు దాటుతుంది. కామ్ (వాల్వులను తెరిచే ఇరుసు) చిన్నదైన ఇంజిన్‌కు చదవవలసిన అంకెలు ఆ మధ్యవే.

హెడ్లు చేతికి వచ్చాక మొదట చేయించింది ప్రెషర్ టెస్టు. ఇనుప హెడ్లలో పగుళ్లు పట్టే అయస్కాంత పరీక్ష అల్యూమినియం మీద పనిచేయదు. నీటి దారులు మూసి గాలి ఎక్కించి బుడగలు చూడాలి, అనుమానం ఉన్న చోట రంగు ద్రవం పూసి చూడాలి. ఈ ఖర్చు మిగుల్చుకోవాలని మాత్రం చూడవద్దు. 5.3లతో వచ్చే 706 అంకె హెడ్లలో కాస్టెక్ అనే పోత సంస్థ గుర్తు ఉన్న కొన్ని, బయటికి చుక్క కారకుండా లోలోపల కూలెంట్ పోగొట్టుకోవడం గురించి జనరల్ మోటర్స్ స్వయంగా సర్వీస్ బులెటిన్ ఇచ్చింది. కంపెనీ పోతకే అలా జరిగినప్పుడు, ఎవరో గ్రైండర్ పెట్టిన పోతను కంటితో చూసి నమ్మడం ఎలా? నా జత ఆ పరీక్ష దాటింది.

దాటనిది గైడ్ల సంగతి. వాల్వ్‌ను సీటు మీద నుండి సెంటీమీటరు పైకి లేపి, అంచుకు డయల్ గేజ్ ఆనించి ఊపితే, ఎనిమిది ఇన్‌టేక్‌లూ బాగానే ఉన్నాయి గానీ ఎగ్జాస్ట్‌లలో మూడింటికి ముల్లు కంటికి ఆనేంతగా కదిలింది. పోర్టింగ్ చేసినవాడు ఎగ్జాస్ట్ గైడ్ కొసను కూడా పోర్టుతో సమంగా కోసేశాడు. వాల్వ్ కాడకు ఆనుకునే పొడవు తగ్గింది, వేడి వెళ్లే దారీ తగ్గింది, అరుగుదల పెరిగింది. అతని పనిలో నేను తప్పు పట్టేది ఇదొక్కటే, కానీ ఖర్చు పరంగా ఇదే పెద్దది. మూడు గైడ్లు మార్చాక ఆ సీట్లను కొత్త గైడ్ కేంద్రానికి సరిపడా మళ్లీ కోయించాలి, కోసినకొద్దీ వాల్వ్ హెడ్‌లోకి దిగుతుంది, దిగినంత మేర కాడ పైకి వస్తుంది, అప్పుడు స్ప్రింగ్ ఎత్తు సరిచేయడానికి కింద షిమ్ములు (పలుచని బిళ్లలు) పెట్టాలి. ఒక్క గైడ్‌తో మొదలైన పని ఇలా తడిసి మోపెడవుతుంది. చివరికి మెషిన్ షాపుకు కట్టింది హెడ్లకు ఇచ్చిన మొత్తంలో సగం దాటింది. గైడ్ కదలిక ముందే తెలిసి ఉంటే బేరంలో ఆ మేరకు తగ్గించమని అడిగేవాడిని. స్ప్రింగులు తీయనివ్వమని అమ్మేవారిని అడగడానికి మొహమాటపడటం నా తప్పు.

ఇక చాంబర్ల, అంటే హెడ్‌లో ఇంధనం మండే గుంతల, లెక్క. 5.3తో వచ్చే 706, 862 హెడ్లలో చాంబర్ సుమారు 61 సీసీ, ఇన్‌టేక్ వాల్వ్ 48 మిల్లీమీటర్లు; 243లో చాంబర్ 64.5 సీసీ దగ్గర, ఇన్‌టేక్ వాల్వ్ 50.8 మిల్లీమీటర్లు. ఎగ్జాస్ట్ వాల్వ్ రెంటికీ ఒకటే. అంటే 9.5 కంప్రెషన్ నిష్పత్తి ఉన్న 5.3 మీద 243ను ఉన్నదున్నట్టు బిగిస్తే అది దాదాపు 9.2కి పడిపోతుంది. వాల్వ్ పెద్దదై వచ్చిన లాభంలో కొంత అక్కడే పోతుంది కనుక, చాలామంది హెడ్‌కు ఫేసింగ్ చేయిస్తారు, అంటే అడుగు ముఖాన్ని చదునుగా కోయిస్తారు. సుమారు అర మిల్లీమీటరు తీస్తే చాంబర్ మళ్లీ 61 సీసీకి వస్తుంది. ఈ జతకు ఆ పని ముందే జరిగిందని అమ్మినవారు చెప్పారు, ఎంత తీశారో చెప్పలేకపోయారు. పారదర్శకమైన ప్లాస్టిక్ పలకను చాంబర్ మీద గ్రీజుతో అతికించి, దాని రంధ్రంలో నుండి బ్యూరెట్‌తో రంగు కలిపిన స్పిరిట్ పోసి కొలిచాను. ఒక హెడ్ 60 సీసీ, రెండోది 61.5. రెండు హెడ్లను వేర్వేరు రోజుల్లో, వేర్వేరు చేతుల్లో ఫేసింగ్ చేయించారేమో అనిపించింది. సీట్లు కోశాక మళ్లీ కొలిచి, ఎక్కువ ఉన్నదాన్ని కొద్దిగా తీయించి రెండింటినీ దగ్గరికి తెచ్చాను.

లోహం తీసిన హెడ్, పెద్ద వాల్వ్, కొత్త కామ్ మూడూ కలిసినప్పుడు వాల్వ్ పిస్టన్‌కు తగులుతుందేమోనన్న భయం ఉంటుంది. పిస్టన్ మీద మెత్తని బంకమట్టి పెట్టి, పాత గాస్కెట్‌తో హెడ్ బిగించి, క్రాంకును చేత్తో రెండు చుట్లు తిప్పి, విప్పి మట్టిని కోసి మందం కొలిచాను. ఇన్‌టేక్ వైపు కనీసం 2 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ వైపు 2.5 ఉండాలన్నది ఇంజిన్లు కట్టేవారి లెక్క. రెండు చోట్లా కొంచెం ఎక్కువే వచ్చింది. పుష్‌రాడ్ పొడవు మాత్రం మారింది, కొత్తవి కొనక తప్పలేదు.

హెడ్లతో వచ్చిన స్ప్రింగుల గురించి చెప్పడానికి ఏమీ లేదు, తీసి పారేశాను. ఎన్ని గంటలు నడిచాయో తెలియని స్ప్రింగును నమ్మి కామ్ తిప్పకూడదు.

బిగించి ఆరు నెలలైంది. ఐడిల్ నిలకడగా ఉంది, తక్కువ ఆర్‌పీఎంలో పాత 706 హెడ్లతో ఉన్న లాగుడు తగ్గలేదు, 4,000 దాటాక మునుపు అలసిపోయినట్టుండే ఇంజిన్ ఇప్పుడు ఆగకుండా పైకి పోతోంది. సొంతంగా కొలతలు తీసుకోగలిగి, నమ్మకమైన మెషిన్ షాపు అందుబాటులో ఉన్నవారికి ఇలాంటి తేలిక పోర్టింగ్ జత మంచి బేరమే. తెచ్చిన రోజే బిగించి నడపాలనుకునేవారికి మాత్రం ఎవరూ ముట్టని 799 జత కొని, వాల్వ్ సీట్ల పని ఒక్కటే చేయించుకోమంటాను. నా హెడ్లలో గైడ్ మార్చని అయిదు ఎగ్జాస్ట్‌లలో ఒకటి పొద్దున స్టార్ట్ చేయగానే కాస్త నీలిపొగ వదులుతోంది. ఈసారి కవర్ విప్పినప్పుడు ముందు దాని సీలు మార్చి చూడాలి.