కాబో రోహో ఉప్పు నేలల్లో సైకిల్ మీద

అమెరికా పాలనలోని కరీబియన్ ద్వీపం ప్యూర్టోరికో వెళ్ళే మనవాళ్ళు చాలామంది శాన్ హువాన్ కోట, ఎల్ యుంకే వానఅడవి, ఒక మంచి బీచ్ చూసుకుని తిరుగు విమానం ఎక్కేస్తారు. ద్వీపానికి నైరుతి కొసన ఉన్న కాబో రోహో దాకా పోయేవాళ్ళు తక్కువ. సైకిల్ తొక్కే అలవాటు ఏమాత్రం ఉన్నా నేనైతే ముందు అక్కడికే వెళ్ళమంటాను. అక్కడి జాతీయ వన్యప్రాణి అభయారణ్యంలో నడవడానికి, సైకిల్ తొక్కడానికి సుమారు 12 మైళ్ళ మట్టి దారులున్నాయి. ప్రవేశ రుసుము లేదు. ఒక పక్క ముళ్ళ అడవి, ఒక పక్క గులాబీ రంగు ఉప్పు మడుగులు, చివర్లో కరీబియన్ సముద్రం మీద నిటారుగా లేచిన సున్నపురాయి గట్టు. ఇవన్నీ ఒకే పూటలో చూడొచ్చు.

రాళ్ళ మీంచి దూకడాలు, నిట్టనిలువు పల్లాలు కావాలనుకునేవాళ్ళకి మాత్రం ఇది చప్పగా ఉంటుంది. దారి చాలావరకు గట్టి మట్టి, కొంత మెత్తటి ఇసుక, గట్టు దగ్గరికొచ్చేసరికి పదునైన రాయి. కొత్తగా తొక్కేవాళ్ళు కూడా భయపడక్కర్లేదు. ఇక్కడ కాళ్ళ బలం కంటే టైర్లే ముఖ్యం.

ఎందుకంటే ఆ ముళ్ళు మనవే. సైకిళ్ళు దించి పది నిమిషాలైనా కాకముందే మా బావమరిది ఆగి, "బావా, ఇది సర్కారు తుమ్మ కాదూ?" అన్నాడు. అదే. చీరాల, ఒంగోలు వైపు చవిటి నేలల్లో, రైలు కట్టల పక్కన పెరిగే చెట్టే. ఇక్కడివాళ్ళు బయాహోండా అంటారు. ఈ అభయారణ్యం భూమిలో చాలాకాలం పశువుల్ని మేపుకున్నారు. తర్వాత అందులో కొంత భాగంలో అమెరికా గూఢచార సంస్థ సీఐఏ వాళ్ళు విదేశీ రేడియో ప్రసారాలు వినే కేంద్రం పెట్టుకున్నారు. 1974లో ఆ 587 ఎకరాలు వన్యప్రాణి శాఖ చేతికి వచ్చాయి. 1999లో పక్కనున్న ఉప్పు నేలలు, ఇంకో 1,249 ఎకరాలు కలిశాయి. మేత వల్ల బోసిపోయిన నేలలో తుమ్మ, గినీ గడ్డి కమ్మేస్తే, వాటి మధ్య స్థానిక చెట్లు నాటి పెంచుతూ వస్తున్నారు. ఆ నీడ ఇంకా అంత దట్టంగా లేదు. ఎండిన తుమ్మ కొమ్మలు మాత్రం దారి మీద ఉంటాయి.

మేం అద్దెకి తెచ్చుకున్న సైకిళ్ళలో ఒకటి ట్యూబ్‌లెస్, రెండోది మామూలు ట్యూబ్‌ది. ట్యూబ్‌లెస్ టైర్లో దిగిన ముల్లు దాదాపు అంగుళం పొడవుంది. లాగగానే లోపలున్న, చిల్లు పూడ్చే తెల్లటి సీలెంట్ ద్రవం బుసబుసా పొంగి, చక్రం ఓ రెండు చుట్లు తిప్పేసరికి గడ్డకట్టి ఆగిపోయింది. రెండో సైకిల్‌కి అదే రోజు రెండు పంక్చర్లు. పైగా దాని వెనక బ్రేక్ ప్యాడ్లు అరిగిపోయి ఇనుము ఇనుము రాసుకుంటున్నాయి. అద్దె తీసుకున్నది రెండు సైకిళ్ళకీ ఒకటే. అందుకే అక్కడ సైకిల్ తీసుకునేటప్పుడు మోడల్ అడగకండి, టైర్లో సీలెంట్ ఉందా అని అడగండి. బ్రేకులు కొట్టు ముందే తొక్కి చూడండి. పంపు, అదనపు ట్యూబ్, ప్యాచ్‌లు లేకుండా లోపలికి వెళ్ళొద్దు.

అడవి దారి దాటి ఉప్పు నేలల్లోకి వచ్చాక నేను చాలాసేపు తొక్కలేదు, నిలబడిపోయాను. కాండెలారియా, ఫ్రాటెర్నిడాడ్ అని రెండు పెద్ద మడుగులు. సముద్రపు నీటిని అక్కడ నిలిపి, ఎండకీ గాలికీ చిక్కబడ్డాక మళ్ళలోకి వదిలి ఉప్పు పండిస్తారు. ఈ చోట ఉప్పు తీయడం 500 ఏళ్ళకు పైబడిన పని. నీళ్ళు చిక్కబడే కొద్దీ, ఆ ఉప్పదనంలోనే బతకగలిగే సూక్ష్మజీవుల వల్ల గులాబీ రంగు తిరుగుతాయి. గట్టు వెంబడి గాలి తోసిన నురగ తెల్లగా పేరుకుని ఉంది. దాని కింద గవ్వలంత ఉప్పు పలుకులు, అంచుల్లో లేత గులాబీ జీర. మా బావమరిది వాళ్ళది చినగంజాం. ఉప్పు మళ్ళ పక్కనే పెరిగాడు. పలుకు వేళ్ళ మధ్య నలిపి, గట్టు ఎత్తు, కాలవ వాటం చూసి, నీళ్ళు ఏ మడిలోంచి ఏ మడిలోకి వదులుతారో నాకు అక్కడికక్కడే చెప్పేశాడు. అక్కడ బోర్డు మీద గీసిన బొమ్మ కంటే అతను చెప్పిందే నాకు బాగా అర్థమైంది.

ఈ ఉప్పు మడుగుల్లో పుట్టే చిన్న రొయ్యలు, ఈగల లార్వాల కోసమే ఆర్కిటిక్ నుంచి దిగివచ్చే ఉల్లంకి పిట్టలు వేల మైళ్ళ ప్రయాణంలో ఇక్కడ ఆగుతాయి. స్నోయీ ప్లోవర్, లీస్ట్ టెర్న్ లాంటి తీరపు పిట్టలు గూడు కట్టవు, ఒట్టి నేల మీదే గుడ్లు పెడతాయి. గుడ్డుకీ గులకరాయికీ తేడా కనపడదు. దారి బాగుందని గట్టు దిగి చవిటి నేల మీద అడ్డంగా తొక్కిన టైరు జాడలు నాలుగైదు చోట్ల చూశాను. నాకు చాలా బాధనిపించింది. దయచేసి గుర్తు పెట్టిన దారి వదలకండి. ఇక ఇక్కడ పేరున్న పిట్ట, ప్యూర్టోరికోలో తప్ప మరెక్కడా లేనిది, భుజం మీద పసుపు పట్టీ ఉన్న నల్లపిట్ట. స్థానికుల పేరు మరికీటా. 1976లో అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో చేర్చారు. మన కోకిల కాకి గూట్లో పెట్టినట్టు, బయటినుంచి వచ్చిన కౌబర్డ్ అనే పిట్ట దీని గూట్లో గుడ్లు పెట్టడం ఒక పెద్ద కారణం. మాకు తుమ్మ కొమ్మ మీద ఒక జంట కనిపించింది. సైకిల్ చప్పుడు లేకుండా ఆగబట్టి కదల్లేదు.

తెల్లవారగానే మొదలుపెట్టాలి. పొద్దెక్కే కొద్దీ తూర్పు గాలి బలపడుతుంది, ఎదురుగాలిలో ఉప్పు నేలలు దాటడం బాగా అలుపు. నీడ లేదు, దారిలో తాగునీరు దొరకదు. మనిషికి మూడు లీటర్లు ఎక్కువేం కాదు. కాలం అంటారా, డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా పొడి, వలస పిట్టలూ ఉంటాయి. సందర్శకుల కేంద్రం తెరిచే వేళలు మాత్రం ముందే చూసుకోండి.

చివరన లాస్ మొర్రియోస్ లైట్‌హౌస్, 1882 నాటిది, స్పానిష్ పాలనలో కట్టారు. అక్కడి సున్నపురాయి గట్టు సుమారు 200 అడుగుల ఎత్తు, అంచున కంచె లేదు, రాయి విరిగే చోట్లున్నాయి. పిల్లల చెయ్యి వదలకండి. పక్కనే లా ప్లాయూయేలా బీచ్, వంపు తిరిగిన నీలం నీళ్ళు. శని, ఆదివారాల్లో 301 రోడ్డు చివరి గతుకుల మట్టి భాగంలో కార్లు గంటల తరబడి ఇరుక్కుంటాయి. సైకిల్ మీద వాటి పక్కనుంచి హాయిగా వెళ్ళిపోవచ్చు. అయినా మామూలు రోజుల్లో వెళ్ళడమే మేలు.

బసకి బోకెరోన్ ఊరు అందరూ చెబుతారు. తిండి, సందడి, బడ్డీల మీద నిమ్మకాయ పిండి ఇచ్చే ఆయిస్టర్లు అన్నీ అక్కడే. కానీ వారాంతంలో రాత్రి పొద్దుపోయేదాకా పాటలు మోగుతాయి, తెల్లారే లేవాలంటే కష్టం. ఎల్ కొంబాటే అనే ఊరు అభయారణ్యానికి దగ్గర, రాత్రి ప్రశాంతం. మేం అక్కడే ఒక ఇల్లు తీసుకున్నాం. ప్రకటనలో 'సైకిళ్ళకి భద్రమైన గది' అని రాసి, తీరా చూస్తే తాళం లేని వరండా చూపించారు. సైకిళ్ళు పడగ్గదిలో పెట్టుకున్నాం. ఒక రాత్రి కరెంటు పోయి తెల్లారేదాకా రాలేదు. ప్యూర్టోరికోలో కరెంటు కోతలు మామూలే కాబట్టి జనరేటర్ గానీ సోలార్ బ్యాటరీ గానీ, నీళ్ళ ట్యాంకు గానీ ఉన్నాయా అని అడిగే బుక్ చేయండి. స్విమ్మింగ్ పూల్ కంటే అదే ముఖ్యం.

శాకాహారులు టెన్షన్ పడక్కర్లేదు గానీ అడిగి తినాలి. అన్నం, బీన్స్ అంతటా దొరుకుతాయి, బీన్స్‌లో పంది మాంసం వేసే అలవాటుంది. 'సిన్ హమోన్' అంటే అది లేకుండా అని. వేయించిన పచ్చి అరటి టోస్టోనెస్, తియ్యటి పండు అరటి ముక్కలు అమరీయోస్ మాకు బాగా నచ్చాయి.

లా పార్గేరా అనే తీరపు ఊళ్ళో రాత్రిపూట వెలిగే నీళ్ళు చూడ్డానికి పడవలో వెళ్ళాం. అక్కడి ప్రత్యేకత ఏంటంటే నీళ్ళలో దిగనిస్తారు. చెయ్యి కదిపితే నీలి మెరుపులు. అమావాస్య దగ్గరపడితేనే వెళ్ళండి, వెన్నెల్లో ఆ ఖర్చు దండగ.

శాన్ హువాన్ నుంచి కారులో రెండున్నర, మూడు గంటలు. అగ్వాడియా విమానాశ్రయం ఇంకా దగ్గర, న్యూజెర్సీ వైపు నుంచి నేరుగా విమానాలున్నాయి. అక్కడ దూరం బోర్డులు కిలోమీటర్లలో, వేగ పరిమితి మైళ్ళలో, పెట్రోల్ లీటర్లలో. హెచ్-1బీ వాళ్ళకి ఇది దేశీయ ప్రయాణమే, అయినా పాస్‌పోర్ట్, వీసా ఆమోద పత్రం ఐ-797 దగ్గర పెట్టుకోండి. తిరిగొచ్చేటప్పుడు విమానాశ్రయంలో వ్యవసాయ శాఖ వాళ్ళు సంచులు తనిఖీ చేస్తారు, మామిడిపండ్లు తేనివ్వరు. సొంత సైకిల్ పట్టుకెళ్తే ఏ రోజుకారోజు మంచినీళ్ళతో కడిగి గొలుసుకి నూనె పెట్టండి. ఒక్క రాత్రి వదిలేసినా ఆ ఉప్పు ధూళికి తుప్పు మొదలవుతుంది.