బీపీ మిషన్ కొనే ముందు జబ్బకు టేపు పెట్టండి

పోయిన శ్రావణంలో కొన్న బీపీ మిషన్ గురించి రాస్తున్నాను. జబ్బకు పట్టీ చుట్టి బటన్ నొక్కితే తనే గాలి ఎక్కించుకునే రకం. తెనాలిలో ఒక మందుల షాపులో 2,150 రూపాయలకు తీసుకున్నాను. ఇంట్లో ముగ్గురం వాడుతున్నాం. మిషన్ మంచిదే. అయినా మొదటి ఐదు వారాలు నాకు తప్పు అంకెలు చూపించింది. ఎందుకో తెలిశాక ఇది రాయకుండా ఉండలేకపోయాను.

నేను జాకెట్లు కుడతాను, ముప్పై ఏళ్లుగా అదే పని. వయసు 52, ఒళ్లు చేసిన మనిషిని. బీపీ ఉందని తేలినప్పటి నుంచి అమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాముల బిళ్ల రోజూ ఉదయం వేసుకుంటున్నాను. మిషన్ కొన్న దగ్గర్నుంచి నోటుబుక్కులో రాసుకుంటూ వచ్చాను: 158/96, 161/98, 156/94. ఉప్పు తగ్గించాను, కొత్త ఆవకాయ జాడీ వైపు చూడటం మానేశాను, రాత్రి తొమ్మిదికే కుట్టు ఆపేశాను. అంకె కదల్లేదు. డాక్టరు గారి దగ్గర చూసినా దాదాపు అంతే వచ్చింది. ఇంకో బిళ్ల కలుపుదాం అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా నాన్న పక్షవాతంతోనే పోయారు.

మర్నాడు పట్టీ చుట్టుకుంటుంటే వెల్క్రో అంచు దాకా వచ్చి ఆగిపోయింది. గాలి ఎక్కుతుండగా పట్టీ ఒక పక్క గరాటులాగా పైకి లేచింది. గుడ్డ చాలక బిగిసిన చెయ్యి ఎలా ఉంటుందో రోజూ చూసే దాన్ని నేను. పట్టీ విప్పి లోపలి వైపు చూశాను. చీమ తలకాయంత అక్షరాల్లో 22-32 సెం.మీ. అని ఉంది. మెడలో ఉన్న టేపు తీసి నా జబ్బ చుట్టూ పెట్టుకున్నాను. పదహారంగుళాలు. అంటే నలభైన్నర సెంటీమీటర్లు.

బి.ఫార్మసీ చదువుతున్న మా పెద్దమ్మాయికి ఫోన్ చేశాను. "అమ్మా, దీని మీద పరిశోధనే ఉంది" అని, సాయంత్రం చదివి వినిపించింది. 2023లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ వాళ్లు 195 మందికి వేర్వేరు సైజుల పట్టీలతో బీపీ చూశారట. బాగా పెద్ద పట్టీ కావాల్సిన వాళ్లకు మామూలు పట్టీ చుడితే పై అంకె సగటున 19.5 ఎక్కువ చూపించింది. చిన్న పట్టీ కావాల్సిన సన్న చేతుల వాళ్లకు అదే మామూలు పట్టీ 3.6 తక్కువ చూపించింది. నా చెయ్యి వాళ్ల లెక్కలో మొదటి రకం కిందికే వస్తుంది.

ఎందుకలా అంటే, పట్టీ లోపల రబ్బరు సంచి ఒకటి ఉంటుంది. అందులో గాలి నిండి జబ్బలోని రక్తనాళాన్ని పూర్తిగా నొక్కేస్తుంది. తర్వాత గాలి మెల్లగా వదులుతుంటే నాళం మళ్లీ కొట్టుకుంటుంది. ఆ అదురు పట్టీకి తగులుతుంది, మిషన్ దాన్ని పట్టుకుని పై అంకె, కింద అంకె లెక్కగడుతుంది. ఆ సంచి చేతి చుట్టుకొలతలో నూటికి ఎనభై వంతులు రావాలి. పొట్టిదైతే నొక్కుడు నాళం దాకా సరిగ్గా అందదు, దాన్ని మూయడానికి ఇంకా గాలి కావాలి. ఆ అదనపు గాలిని కూడా మిషన్ మన బీపీలో కలిపేస్తుంది.

ఇది కొత్తగా బయటపడ్డ సంగతి కూడా కాదు. 1896లో ఇటలీ డాక్టరు రివా-రొచ్చి చేసిన పట్టీ వెడల్పు 5 సెంటీమీటర్లే. దానితో అంకెలు ఎక్కువ వస్తున్నాయని జర్మనీలో ఫొన్ రెక్లింగ్‌హౌజెన్ 1901లోనే చెప్పి వెడల్పు పెంచాడు. నూట ఇరవై ఏళ్ల కిందట తెలిసిన విషయం 2,150 రూపాయల డబ్బా మీద కంటికి కనిపించేలా ఎందుకు వేయరు? అమ్మిన కుర్రాడు ఏ రంగు కావాలని అడిగాడు గానీ చెయ్యి ఎంత అని అడగలేదు. నేను ఎవరికీ చెయ్యి కొలవకుండా గుడ్డ కత్తిరించను.

పెద్ద పట్టీ, 32-42 సైజు, విడిగా తెప్పించుకున్నాను. 1,100 అయింది, తొమ్మిది రోజులు పట్టింది. మిషన్ ఏ కంపెనీదైతే పట్టీ కూడా ఆ కంపెనీ ఆ మోడల్‌కు ఇచ్చేదే కొనాలి. ఒకదాని పైపు ఇంకోదానికి పట్టినా లెక్క కుదరదు. మొదటి రోజే 143/90 వచ్చింది. వారం సగటు 142/89.

అంటే బీపీ లేదని కాదు. ఇంట్లో చూసుకున్నప్పుడు 135/85 దాటితే ఎక్కువే. కానీ 158కీ 142కీ మధ్య ఒక బిళ్ల తేడా ఉంది. నోటుబుక్కు, రెండు పట్టీలు పట్టుకుని డాక్టరు గారి దగ్గరికి వెళ్లాను. ఆయన ఓపిగ్గా విన్నారు, నా పెద్ద పట్టీతోనే రెండు సార్లు చూశారు, "కొత్త మందు ఇప్పుడే వద్దమ్మా, ఉన్నదే కొనసాగించండి, నెల తర్వాత రండి" అన్నారు. మందు సంగతి ఆయన చెప్పాకే. పట్టీ మారిందని ఎవరూ సొంతంగా బిళ్ల మానకండి.

మా అత్తయ్యది దీనికి పూర్తిగా తిరగబడ్డ కథ. ఆవిడకు 78, చెయ్యి ఎనిమిదిన్నర అంగుళాలే. నా పెద్ద పట్టీ పొరపాటున ఆవిడకు చుడితే 128 వచ్చింది, అత్తయ్య సంతోషపడ్డారు. మామూలు పట్టీతో చూస్తే 139. అందుకే ఇప్పుడు రెండు పట్టీలకూ రెండు రంగుల దారంతో గుర్తులు కుట్టాను, నాది ఎరుపు, ఆవిడది పచ్చ. నిజానికి ఆవిడ చేతికి 22 కూడా కొంచెం ఎక్కువే, చిన్న సైజు పట్టీ కోసం చూస్తున్నాను.

చెయ్యి ఎక్కడ పెట్టుకున్నామన్నది కూడా అంకెను మారుస్తుంది. కుట్టు మిషన్ ముందు కూర్చునే అలవాటుతో నేను చెయ్యి ఒళ్లో పెట్టుకుని చూసుకునేదాన్ని. 2024లో 133 మంది మీద చేసిన ఇంకో పరిశోధనలో, చెయ్యి ఒళ్లో ఉంటే పై అంకె 4 దాకా, పక్కకు వేలాడేస్తే 6.5 దాకా ఎక్కువ వచ్చిందట. పట్టీ గుండె ఎత్తులో ఉండాలి. మా కటింగ్ బల్ల కొంచెం తక్కువ ఎత్తు, అందుకని లైనింగ్ గుడ్డ రెండు మడతలు వేసి దాని మీద చెయ్యి ఆనిస్తున్నాను. వీపు కుర్చీకి ఆని, కాళ్లు నేల మీద పెట్టి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చుంటాను. నిమిషం తేడాతో రెండు సార్లు, ఉదయం బిళ్లకు ముందు, మళ్లీ సాయంత్రం. కాఫీ తాగి అరగంట కాకపోతే చూసుకోను.

ఇక మిషన్ సంగతి. అంకెలు పెద్దవి, అత్తయ్య కళ్లద్దాలు లేకుండా చదువుతారు. నాలుగు పెన్సిల్ సెల్లులు నాలుగైదు నెలలు వస్తున్నాయి. ఇద్దరి లెక్కలు విడివిడిగా దాస్తుంది, మూడో మనిషివి కలిసిపోతాయి కాబట్టి మా ఆయనవి నోటుబుక్కులోనే రాస్తున్నాం. మాట్లాడే సదుపాయం ఉంది గానీ హిందీ, ఇంగ్లీషే, తెలుగు లేదు. మా అత్తయ్యలాంటి వాళ్లకే అది అవసరం, వాళ్ల భాషలోనే లేకపోవడం బాధగా ఉంది. డిజిటల్ మిషన్లన్నీ తప్పు చూపిస్తాయని మా వీధిలో గట్టి నమ్మకం. అది నిజం కాదు. పరీక్షించి సరైనవని తేలిన మోడళ్ల జాబితా స్ట్రైడ్ బీపీ అనే సంస్థ నెట్‌లో పెడుతుంది, కొనే ముందు మోడల్ నంబరు అందులో ఉందో లేదో చూసుకోవచ్చు. మణికట్టుకు పెట్టే రకం చవకగా వస్తుందని ఆశపడకండి, చెయ్యి ఎత్తు కాస్త మారితే అంకె మారిపోతుంది.

మిషన్‌కు ఐదుకు నాలుగు ఇస్తాను. పెద్ద పట్టీ డబ్బాలోనే ఇచ్చి ఉంటే ఐదు ఇచ్చేదాన్ని.

ఆర్డర్ల పుస్తకంలో చేతి లూజు రాసేటప్పుడు జబ్బ పన్నెండున్నర అంగుళాలు దాటితే ఇప్పుడు అందరికీ ఒక మాట చెబుతున్నాను: "బీపీ చూపించుకునేటప్పుడు పెద్ద పట్టీ వెయ్యమని అడుగమ్మా." మొన్న బుధవారం ఒకావిడ జాకెట్ తీసుకోవడానికి వచ్చి, "అడిగానక్కా, బీరువాలోంచి తీసి వేశారు, దుమ్ము దులిపి మరీ" అంది.