దవడ కీలు నొప్పికి గట్టి నైట్ గార్డ్: చాలా ఏళ్ల వాడకం తర్వాత

పై పళ్లన్నిటినీ కప్పే గట్టి యాక్రిలిక్ నైట్ గార్డ్ మీద ఈ సమీక్ష. డెంటిస్టులు దీన్ని స్టెబిలైజేషన్ స్ప్లింట్ అంటారు. ఏళ్ల తరబడి రాత్రిపూట వాడాక నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పళ్లు అరగకుండా, విరగకుండా ఇది బాగా కాపాడుతుంది. పొద్దున లేవగానే ఉండే దవడ బిగుతునీ, కణతల బరువునీ తగ్గిస్తుంది. పగలంతా ఉండే నొప్పిని మాత్రం ఇదొక్కటే పోగొట్టదు. మనం కట్టే డబ్బులో ఎక్కువ విలువ ఉన్నది డాక్టర్ కూర్చుని దాన్ని మన కాటుకు, అంటే పై పళ్లూ కింది పళ్లూ కలిసే తీరుకు, సరిపోయేలా అరగదీసే పనికి. ఆ పని సరిగా జరగకపోతే ఎంత ఖరీదైన ల్యాబ్‌లో చేయించినా దండగే.

చెవి రంధ్రానికి కాస్త ముందు వేలు పెట్టి నోరు తెరిస్తే కదులుతుందే, అదీ దవడ కీలు. కింది దవడ ఎముక తలకీ పుర్రె ఎముకకీ మధ్య ఒక పల్చటి డిస్క్ ఉంటుంది. నోరు తెరవడం మొదలుపెట్టినప్పుడు ఎముక తల ఉన్నచోటే తిరుగుతుంది. 20, 25 మిల్లీమీటర్లు దాటాక ముందుకు జారుతుంది. డిస్క్ ముందుకు తప్పుకుని ఉంటే, జారేటప్పుడు ఎముక తల దాని మీదికి ఎక్కుతుంది. టక్‌మని వినిపించేది అదే. నొప్పి లేకుండా శబ్దం ఒక్కటే ఉంటే వైద్యం అక్కర్లేదు, ఆ శబ్దం ఆపడానికి గార్డ్ వేయించుకుంటే నిరాశే మిగులుతుంది. చాలామందిలో నొప్పి కీలులో కంటే కండరాల్లోనే ఎక్కువ. పళ్లు బిగించినప్పుడు చెంప వెనక భాగంలో ఉబ్బే కండరాన్నీ, కణత కండరాన్నీ వేలితో నొక్కి చూడండి. మీకు రోజూ వచ్చే నొప్పే అక్కడ పలికితే గార్డ్ వల్ల మేలు జరిగే అవకాశం ఎక్కువ.

వేయించుకునే ముందు నోరు ఎంత తెరుచుకుంటోందో చూసుకోవాలి. చూపుడు, నడిమి, ఉంగరం వేళ్లు మూడూ కలిపి నిలువుగా ముందు పళ్ల మధ్య పట్టాలి. కొలిస్తే 40 మిల్లీమీటర్లు, ఆ పైన రావడం మామూలు. ఇన్నాళ్లూ టక్‌మన్న శబ్దం ఒక్కసారిగా ఆగిపోయి, నోరు సగమే తెరుచుకుంటుంటే డిస్క్ అడ్డుపడి ఉండొచ్చు. అప్పుడు ఇంట్లో కూర్చోకుండా ఆ వారంలోనే చూపించుకోవాలి. మన దగ్గర ఇంకో సంగతి కూడా ఉంది. వక్క, గుట్కా, పాన్ మసాలా నమిలేవాళ్లకి నోరు నెమ్మదిగా మూసుకుపోతూ, కారం తగిలితే మండుతూ, చెంప లోపలి చర్మం తెల్లబడి బిగుసుకుంటే అది కీలు జబ్బు కాదు. సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్. అది క్యాన్సర్‌కు దారితీయగలదు, దానికి గార్డ్ ఏ విధంగానూ పనికిరాదు.

తయారీ ఇలా ఉంటుంది. రెండు దవడలకీ ఆల్జినేట్ అనే ముద్దతో అచ్చు తీస్తారు, లేదా స్కానర్‌తో తీస్తారు. దవడ సడలించి ఉన్నప్పుడు కాటు ఎలా ఉందో విడిగా రికార్డు చేసుకుంటారు. కొన్నిచోట్ల ఈ మెట్టు వదిలేస్తారు, తర్వాత ఇబ్బంది పెట్టేది అదే. ల్యాబ్ నుంచి వచ్చిన గార్డ్ వెనక దంతాల దగ్గర దాదాపు 2 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. దాన్ని పళ్లకు తొడిగి, మధ్యలో నీలం కార్బన్ కాగితం పెట్టి టక్కుటక్కున కొరకమంటారు. తీసి చూస్తే గార్డ్ మీద నీలం చుక్కలు పడి ఉంటాయి. కింది దంతాలన్నిటికీ, రెండు వైపులా, ఒకే ముదురుతో చుక్కలు రావాలి. ఒకచోట మాత్రం ముదురు చుక్క, దాని నడుమ తెల్లటి బొట్టు కనిపిస్తే ఆ దంతం ముందుగా తగులుతోందన్నమాట. అక్కడ బర్ అనే తిరిగే చిన్న పనిముట్టుతో కొద్దిగా గీకి, మళ్లీ కాగితం పెట్టి చూస్తారు. ఆ తర్వాత ఎర్ర కాగితం పెట్టి దవడను పక్కలకు జరపమంటారు. ఎర్ర గీతలు కోరపళ్ల దగ్గరే ఉండాలి, వెనక దంతాల దగ్గర కనిపిస్తే వాటినీ తీసేయాలి. కుర్చీలో పడుకోబెట్టి ఒకసారి, నిటారుగా కూర్చోబెట్టి ఒకసారి చూడటం మంచి డాక్టర్ లక్షణం. ఎందుకంటే పడుకున్నప్పుడు కింది దవడ కాస్త వెనక్కి వెళ్తుంది, చుక్కలు మారతాయి. ఇదంతా ఓపికగా చేసే పని. తొడిగి, బాగుందా అని అడిగి రెండు నిమిషాల్లో పంపించేస్తే, చుక్కలు చూపించమని మీరే అడగండి.

అంతటితో అయిపోదు. గార్డ్ పెట్టుకున్న కొన్ని రాత్రులకు కండరాలు సడలుతాయి, దవడ నిలిచే చోటు కొంచెం మారుతుంది. మొదటి రోజు సమంగా ఉన్న కాటు రెండు వారాలకు ఒకవైపు ముందు తగలొచ్చు. అందుకని రెండు వారాలయ్యాక ఒకసారి, నెలయ్యాక ఒకసారి, ఇలా కనీసం రెండు మూడు సార్లు సరిచేయించుకోవాలి. ఈ సిట్టింగులు ధరలో కలిసి ఉన్నాయో లేదో డబ్బు కట్టకముందే అడగాలి. పొద్దున్న ఒకవైపు దవడే కొత్తగా నొప్పి పుడుతోందంటే, ఎక్కువసార్లు కారణం ఈ హెచ్చుతగ్గే.

మొదటి వారంలో ఉమ్ము ఎక్కువ ఊరుతుంది, మాట ముద్దగా వస్తుంది, రెండూ తగ్గిపోతాయి. తొడిగాక కొన్ని నిమిషాలు పళ్లు పట్టేసినట్టు ఉండటం మామూలే. తెల్లారేదాకా ఒక పన్ను సలుపుతూ ఉంటే లోపలి వైపు ఆ పన్ను దగ్గర నొక్కుతోందని అర్థం. చిగురు ఒరుసుకుంటే అంచు నున్నగా చేయించాలి. గోళ్ల ఆకురాయితో ఇంట్లో గీకడం వద్దు, ఒకచోట అర మిల్లీమీటర్ తగ్గినా కాటు మొత్తం వంకరవుతుంది. పొద్దున తీశాక పళ్లు సరిగా కలవనట్టు కాసేపు అనిపిస్తుంది. అరగంటలో సర్దుకోకుండా మధ్యాహ్నం దాకా అలాగే ఉంటే డాక్టర్‌కి చెప్పాలి. పగలూ రాత్రీ పెట్టుకుంటే కాటు శాశ్వతంగా మారే ప్రమాదం ఉంది కాబట్టి నిద్రలోనే వాడాలి. గట్టిగా గురక, పగలు నిద్రమత్తు ఉన్నవాళ్లు ముందు స్లీప్ టెస్ట్ చేయించుకోవడం మేలు. కొందరిలో పై గార్డ్ వల్ల నిద్రలో ఊపిరాడకపోవడం ఎక్కువవుతుంది.

మెత్తటి గార్డ్ చవక, మొదటి రాత్రి నుంచే హాయిగా ఉంటుంది. కానీ పళ్లు బిగించే అలవాటు గట్టిగా ఉన్నవాళ్లు దాన్ని నిద్రలో చూయింగ్ గమ్‌లా నములుతారు, పొద్దున చెంపలు ఇంకా అలసిపోతాయి. కాగితం పెట్టి సన్నగా సరిచేయడానికీ అది లొంగదు, త్వరగా చిల్లు పడుతుంది. వేడినీళ్లలో ముంచి కొరికి తయారుచేసుకునే ఆన్‌లైన్ రకం వెనకవైపు మరీ మందంగా ఉంటుంది, అసలుది వచ్చేలోపు కొద్దిరోజులు గడపడానికి తప్ప వద్దు. ముందు రెండు మూడు పళ్లకే తగిలించే చిన్న గార్డుల విషయంలో ఇంకా జాగ్రత్త. వెనక దంతాలకు ఆనుడు లేక అవి నెమ్మదిగా పెరిగి, ముందు పళ్లు కలవకుండా పోవచ్చు. నిద్రలో ఊడితే మింగే ప్రమాదమూ ఉంది.

శుభ్రం చేయడం తేలికే గానీ బోరు నీళ్లు వాడే ఇళ్లల్లో గార్డ్ నెలల్లోనే తెల్లగా గరుకుగా తయారవుతుంది. తీసిన వెంటనే, ఉమ్ము ఆరకముందే చల్లటి నీళ్లతో కడిగి, మెత్తటి బ్రష్‌తో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి రుద్దాలి. టూత్‌పేస్ట్ వద్దు, అది గీతలు పెడుతుంది, ఆ గీతల్లో వాసన చేరుతుంది. తెల్ల మచ్చలకు తెల్ల వెనిగర్, నీళ్లు సగం సగం కలిపి అరగంట నానబెట్టి రుద్దితే వదులుతాయి. కట్టుడు పళ్లకు వాడే మాత్రలూ వారానికోసారి బాగానే పనిచేస్తాయి. చివరి కడుగు ఫిల్టర్ నీళ్లతో అయితే మచ్చ త్వరగా పట్టదు. వేడినీళ్లు, ఎండలో ఆపిన కారు, రెండూ దాన్ని వంకరపోయేలా చేస్తాయి. చిల్లులున్న డబ్బాలో పెట్టాలి. కుక్కకు అందకుండా ఉంచాలి, ఉమ్ము వాసనకు అవి గార్డ్ ఇట్టే కొరికేస్తాయి.

ఇక నొప్పి సంగతి. 2023 డిసెంబర్‌లో బీఎంజే అనే బ్రిటన్ వైద్య పత్రిక ప్రచురించిన మార్గదర్శకాలు, దీర్ఘకాలపు దవడ నొప్పికి స్ప్లింట్లను వాడొద్దనే వైపే మొగ్గాయి, గట్టి నిషేధంగా కాకుండా షరతుతో. గట్టిగా సిఫార్సు చేసినవి ఫిజియోథెరపిస్ట్ దగ్గర నేర్చుకునే దవడ వ్యాయామాలు, కండరాల మర్దన, నిలబడే కూర్చునే తీరు సరిచేయడం, సీబీటీ అనే మానసిక శిక్షణ, ఇంట్లో చేసే సాధన, జబ్బు గురించి అవగాహన. నా వాడకంలో తేలినదానికి ఇది సరిగ్గా సరిపోతుంది. రాత్రి గార్డ్ పళ్లను కాస్తుంది, పగటి నొప్పిని తగ్గించేది పగటి అలవాటే.

ఆ అలవాటు ఏమిటంటే, పెదవులు కలిసి ఉండాలి, పళ్లు విడిగా రెండు మూడు మిల్లీమీటర్ల ఎడంలో ఉండాలి, నాలుక కొన పై ముందు పళ్ల వెనక అంగిలికి తేలిగ్గా ఆనాలి. తినేటప్పుడూ మింగేటప్పుడూ తప్ప పళ్లు కలవాల్సిన పనే లేదు. స్క్రీన్ ముందు, ట్రాఫిక్‌లో, బరువు ఎత్తేటప్పుడు మనకు తెలియకుండానే బిగుస్తాయి. మానిటర్ అంచున, ఫోన్ వెనక, వంటింటి అరమరకు చిన్న ఎర్ర స్టిక్కర్లు అంటించి, కంటబడినప్పుడల్లా పళ్లు విడదీయడం అన్నిటికంటే చవకైన, అన్నిటికంటే పనిచేసే మందు.

వ్యాయామాల్లో మొదటిది నాలుక అంగిలికి ఆనించి ఉంచి నోరు తెరవడం. నాలుక అంగిలిని వదలకుండా ఎంత తెరుచుకుంటే అంతే. 6 సార్లు చొప్పున రోజుకు 6 విడతలు. అద్దం ముందు చేయాలి, గడ్డం నిలువుగా దిగాలి, ఒక పక్కకు వంగితే అక్కడే ఆపి మూయాలి. చేశాక నొప్పి కొన్ని నిమిషాల్లో తగ్గాలి, మర్నాటికీ ఉంటే సగానికి తగ్గించాలి. రాత్రి పడుకునే ముందు వేడినీళ్లలో ముంచి పిండిన టవల్‌తో చెంపలకూ కణతలకూ 15 నిమిషాలు కాపడం పెట్టి, రెండు వేళ్లతో చెంప కండరాన్ని నిమిషం పాటు గుండ్రంగా రుద్దితే గార్డ్ కూడా హాయిగా కూర్చుంటుంది. దెబ్బ తగిలినా, అప్పుడే మెలిపడినా మొదటి రోజు మటుకు గుడ్డలో చుట్టిన ఐస్ 10 నిమిషాలు.

తిండిలో పూర్తిగా మానాల్సినవి కొన్నే. చూయింగ్ గమ్, వక్క, చెరకు ముక్క, వేపపుల్ల నమలడం. సంక్రాంతి సకినాలు, జంతికలు పాలలోనో టీలోనో ముంచుకుంటే ఇబ్బంది లేదు. అరిసెలు మెత్తగానే కనిపిస్తాయి గానీ సాగుతాయి, కండరాన్ని అవే ఎక్కువ అలసటపెడతాయి. జొన్న రొట్టె వేడిగా పప్పులో నానబెట్టి తినాలి. నాటుకోడి, మటన్ మామూలు కంటే రెండు మూడు విజిల్స్ ఎక్కువ వేయాలి. జామకాయ, మొక్కజొన్న పొత్తు, మిర్చి బజ్జీ ముందు పళ్లతో కొరక్కుండా కోసుకుని, ఒలుచుకుని తినాలి. నొప్పి బాగా ఉన్న వారం పప్పన్నం, ఇడ్లీ, పెరుగన్నంతో గడిపి, తగ్గగానే మామూలు తిండికి రావాలి. నెలల తరబడి మెత్తటివే తింటే కండరం బలహీనపడుతుంది.

ఆవులింత వస్తే నాలుక అంగిలికి ఆనించి, గడ్డం కింద పిడికిలి పెట్టాలి. బోర్లా పడుకోకూడదు. ఫుల్ ఫేస్ హెల్మెట్ కొనేటప్పుడు చెంప ప్యాడ్లు పళ్లను బిగించేలా నొక్కుతుంటే పల్చటి ప్యాడ్లు అడగాలి. హెల్మెట్ సైజు పెంచితే దెబ్బ తగిలినప్పుడు ఊడిపోవచ్చు. రూట్ కెనాల్ లాంటి పొడుగు సిట్టింగుకు వెళ్తే దవడ సంగతి ముందే చెప్పి, కొరికి పట్టుకునే రబ్బరు దిమ్మ, మధ్యమధ్యలో విరామం అడగాలి. కొన్ని డిప్రెషన్ మందులు పళ్లు బిగించడాన్ని పెంచుతాయి. వాటిని సొంతంగా ఆపకుండా రాసిచ్చిన డాక్టర్‌తో మాట్లాడాలి.

యాభై దాటినవాళ్లకి కొత్తగా కణతలో నొప్పి, నమిలితే దవడ అలసట, చూపు మసక వస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. అది రక్తనాళాల వాపు కావచ్చు, ఆలస్యమైతే చూపు పోవచ్చు. నడిచినప్పుడు వచ్చి ఆగితే తగ్గే దవడ నొప్పి గుండెది కావచ్చు.

ఎక్కడ చూపించుకోవాలన్నదానికి, పెద్ద దంత కళాశాలల్లో నోటి జబ్బులు చూసే ఓరల్ మెడిసిన్ విభాగం ఉంటుంది. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో ప్రభుత్వ దంత కళాశాలలున్నాయి. మొదటి సిట్టింగులోనే పళ్లన్నీ అరగదీసి కాటు మారుస్తామన్నా, క్యాపులు వేస్తామన్నా, నొప్పి కోసమే క్లిప్పులు పెడతామన్నా ఒప్పుకోకండి. అవి వెనక్కి తీసుకోలేని పనులు, గార్డ్ నచ్చకపోతే డబ్బాలో పెట్టేయొచ్చు. ఆరునెలలకోసారి దాన్ని వెలుతురుకు పట్టి చూడండి. సన్నటి పగుళ్లు, ఒకేచోట లోతైన గుంట కనిపించినా, కొత్త క్యాపు వేయించాక కదులుతున్నా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. గుంటలు పూడ్చి మళ్లీ నీలం కాగితం పెట్టొచ్చు, అడ్డంగా పగిలితే మాత్రం కొత్తదే.