రెండు పార్టీలా, పది పార్టీలా? ముందు బి-ఫారం ఎవరి చేతిలో ఉందో చూడండి

కడప జిల్లాలో మా వైపు ఊర్లలో "నువ్వు ఏ పార్టీ?" అని అడగరు, "యా పక్క?" అంటారు. పక్కలు రెండే. మా అబ్బ కాలంలో ఒక పక్కోళ్లు కాంగ్రెస్. ఇంకో పక్కోళ్లు, కాంగ్రెస్‌కు ఎవరు ఎదురు నిలబడితే వాళ్లు. 1983లో ఆ రెండో పక్కకు సైకిలు దొరికింది. 2011 తర్వాత మొదటి పక్క చేతి గుర్తు వదిలి ఫ్యాను కిందికి చేరింది. గుర్తులు మారాయి గానీ రచ్చబండకు తూర్పున కూర్చునే ఇండ్లవాళ్లు తూర్పునే, పడమటివాళ్లు పడమరనే. పెండ్లి పత్రిక కూడా పక్క చూసుకుని పంచే ఊర్లు ఇప్పటికీ ఉన్నాయి.

అందుకే రెండు పార్టీల పద్ధతి మేలా, పది పార్టీల పద్ధతి మేలా అన్నది మాకు పుస్తకంలో ప్రశ్న కాదు. 2024లో దాన్ని మళ్లీ లేపినవాడు డల్లాస్‌లో ఉండే మా మేనల్లుడు. అక్కడ వాడికి ఓటు లేదు, ఇక్కడికొచ్చి వేసే తీరిక లేదు, రాజకీయం మాత్రం రెండు చోట్లదీ కావాలి. మనకు మే 13న పోలింగ్ అయితే వాళ్లకు నవంబర్ 5న. ఆ వారంలో ఫోన్ చేసి, "మామా, ఈడా రెండే, మనకాడా రెండే. ఇంక తేడా ఏముంది చెప్పు?" అన్నాడు. ఆ రోజు ఏదో చెప్పి తప్పించుకున్నా. తర్వాత కూర్చుని ఆలోచిస్తే తేడా చాలానే కనబడింది.

రెండే ఎందుకు మిగులుతాయి అన్నదానికి జవాబు పాతదే. ఫ్రాన్సుకు చెందిన మొరీస్ దువెర్జే 1951లోనే చెప్పినాడు: నియోజకవర్గానికి ఒక్క సీటు, అందరికంటే ఒక్క ఓటు ఎక్కువ వచ్చినోడిదే గెలుపు అన్న చోట పోనుపోను రెండు పార్టీలే నిలబడతాయని. మా జేజి ఇదే మాటను "ఓటు మురిగిపోతాది నాయనా" అని తేల్చేసేది. మూడోవాడు మంచోడే, గెలవడు, కాబట్టి వేయం, కాబట్టి గెలవడు. అమెరికాలో 1992లో రాస్ పెరో అనే వ్యాపారి సొంతంగా నిలబడి దేశం మొత్తం మీద దాదాపు 19 శాతం ఓట్లు తెచ్చుకున్నాడు. అధ్యక్షుణ్ణి ఎన్నుకునే 538 ఎలక్టోరల్ ఓట్లలో ఆయనకు వచ్చింది సున్నా.

అంత దూరం పోనక్కర్లేదు, కర్నూలు చాలు. అది ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్నప్పుడు, 1955 ఎన్నికల్లో కమ్యూనిస్టులకు 31 శాతం ఓట్లు వచ్చాయి. ఎదుటివాళ్లంతా ఒక్కటైనందున సీట్లు మాత్రం 196లో 15. 2019లో 39 శాతం ఓట్లు తెచ్చుకున్న తెలుగుదేశానికి 175లో 23 సీట్లు. 2024లో అదే 39 శాతం తెచ్చుకున్న వైఎస్సార్ కాంగ్రెస్‌కు 11. ఉమ్మడి కర్నూలు జిల్లాలో 14కు 14 గెలిచిన పార్టీ ఐదేండ్లకు రెండుకు దిగింది. ఉమ్మడి అనంతపురంలో 14లో 12 నుంచి సున్నాకు. మా కడపలో పదికి పది నుంచి మూడుకు. జనం మనసు అంతగా తిరిగిపోయిందా అంటే, లేదు. పదిమందిలో నలుగురు ఇంకా అటే ఉన్నారు. అసెంబ్లీలో వాళ్ల తరపున మాట్లాడేదానికే మనుషులు లేరు. పదో వంతు, అంటే 18 మంది లేరు కాబట్టి ప్రతిపక్ష హోదా లేదని ఒకరు, ఇచ్చి తీరాలని ఒకరు వాదించుకోవడం కూడా ఈ లెక్కలోంచి వచ్చిందే.

అయినా రెండు పార్టీల పద్ధతిలో నాకు నచ్చే గుణం ఒకటుంది. ఎవర్ని తిట్టాలో తెలుస్తుంది. రోడ్డు పడకపోతే, కాలువకు నీళ్లు రాకపోతే తప్పు పలానోళ్లది, ఐదేండ్లకు దించేయొచ్చు. పది పార్టీలు కలిసి ఏలేచోట అందరి వేళ్లూ పక్కవాడి మీదికే. బెల్జియంలో 2010 ఎన్నికల తర్వాత పార్టీలన్నీ కూర్చుని బేరాలు కుదుర్చుకుని ప్రభుత్వం పెట్టడానికి 541 రోజులు పట్టింది. ఏడాదిన్నర! మన దగ్గర ముఖ్యమంత్రి ప్రమాణం నాలుగు రోజులు లేటయితేనే టీవీలు ఊరుకోవు.

పది పార్టీల వైపు చెప్పాల్సిందీ ఉంది. చిన్న పార్టీకి గెలుపు కంటే గిరాకీ ముఖ్యం. 2024 పొత్తులో మా సీమలో ధర్మవరం, ఆదోని, జమ్మలమడుగు బీజేపీకి పోయాయి, రైల్వే కోడూరు జనసేనకు. విడిగా నిలబడి ఉంటే ఆ నాలుగూ ఆ పార్టీలకు దక్కేవా అన్నది అందరికీ తెలిసిందే. కేరళవాళ్లు దీన్ని ఇంకా శుభ్రంగా నడుపుతున్నారు: పార్టీలు డజను, కూటములు రెండు. ఓటరుకు దించేయడానికి ఒక కూటమి దొరుకుతుంది, చిన్న పార్టీకి బతకడానికి చోటు దొరుకుతుంది. 1982 నుంచి 2016 దాకా అక్కడ ప్రతి ఎన్నికకూ ప్రభుత్వం మారింది, 2021లోనే ఆ వరస తప్పింది. పొత్తు లేకుండా వచ్చే మూడో పార్టీ గతి ఏమిటో మనం ప్రజారాజ్యంతో చూసినాం. 2009లో 18 సీట్లు, 2011లో కాంగ్రెస్‌లో విలీనం.

ఇంతవరకు లెక్క చూస్తే రెండు పక్కలా సమానంగానే ఉంది. నాకు తేడా కనబడింది వేరే చోట.

మన దగ్గర పార్టీ టికెట్ అంటే బి-ఫారం. నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం మూడు లోపల అది రిటర్నింగ్ అధికారి చేతిలో పడాలి. అంతవరకు ఎవరు అభ్యర్థో అభ్యర్థికే తెలియదు. ఒకరికి ఇచ్చిన బి-ఫారం రద్దయి ఇంకొకరికి వచ్చిన కథలు ప్రతి నియోజకవర్గంలో ఉన్నాయి. ఆ కాగితం ఇచ్చేది పైనున్న ఒక్కరు. పదేండ్లు జెండా మోసినోణ్ణి ఎవరూ అడగరు.

అమెరికాలో బి-ఫారం ఇచ్చేవాళ్లు ఓటర్లు. అసలు ఎన్నికకు ముందు ప్రైమరీ అని పెట్టి, పార్టీ అభ్యర్థి ఎవరో జనమే తేలుస్తారు. 2014 జూన్‌లో ఎరిక్ కాంటర్ అని, ప్రతినిధుల సభలో మెజారిటీ పార్టీ నాయకుడు, వర్జీనియాలో సొంత పార్టీ ప్రైమరీలోనే ఓడిపోయినాడు. ఓడించింది పెద్దగా ఎవరికీ తెలియని ఒక ఆర్థికశాస్త్రం ప్రొఫెసర్. అట్లాంటిది మన సీమలో ఊహించుకోండి! ప్రైమరీలకూ రోగాలున్నాయి. వచ్చి ఓటేసేది తక్కువ మంది, వాళ్లలో వీరాభిమానులు ఎక్కువ, డబ్బు ఏరులై పారుతుంది. అయినా తలుపు ఒకటి తెరిచి ఉంది కదా.

గెలిచిన తర్వాత కూడా అంతే. 2017 జూలైలో ఆరోగ్య బీమా చట్టంలోని ముఖ్యమైన భాగాలను రద్దు చేయాలన్న సొంత పార్టీ బిల్లుకు సెనేటర్ జాన్ మెకెయిన్ బొటనవేలు కిందికి చూపించి వ్యతిరేక ఓటు వేసినాడు. 49-51తో బిల్లు పడిపోయింది, ఆయన సీటు మాత్రం పోలేదు. మన దగ్గర 1985లో ఫిరాయింపుల చట్టం వచ్చినాక విప్, అంటే ఎట్లా ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశం, దాటితే సభ్యత్వానికే ముప్పు. ఆ చట్టం లేని కాలంలో, 1954 నవంబర్‌లో, ఇదే కర్నూలులో ప్రకాశం పంతులు ప్రభుత్వం మద్యనిషేధం గొడవలో ఒకే ఒక్క ఓటుతో పడిపోయింది. ఆ గందరగోళం మళ్లీ రావాలని కోరుకోను. కానీ చట్టం పెట్టినా గోడ దూకేవాళ్లు ఆగలేదు. 2014-19 మధ్య 23 మంది ఎమ్మెల్యేలు పార్టీ మారినారు. ఆగింది ఎవరంటే, పార్టీలోనే ఉండి "ఇది తప్పు" అనాలనుకున్నవాళ్లు.

అందుకే మేనల్లుడికి నా జవాబు ఇది. రాష్ట్రానికి రెండు కూటములు మేలు. రెండే పార్టీలైనా ఒప్పుకుంటా, బి-ఫారం మండలంలోని పార్టీ సభ్యుల ఓటుతో ఇచ్చేటట్లయితే. అది లేకుండా రెండైనా పదైనా మాకు ఒకటే. పార్టీ పేరు పెట్టుకున్న రెండు పక్కలు, అంతే.

ఇక ఊరి మట్టానికి వస్తే మూడో మనిషి తప్పనిసరి. సర్పంచ్ ఎన్నికకు పార్టీ గుర్తు ఉండదు, బి-ఫారం అడిగేవాడు లేడు. 2021 ఫిబ్రవరిలో మా పక్క ఊర్లో పొదుపు సంఘం లీడరు ఒకామె ఏ పక్కా లేకుండా నామినేషన్ వేసింది. అడిగిందల్లా ఒకటే, ఎస్సీ కాలనీకి మురుగు కాలువ. ఓట్లు చీలతాయన్న భయానికి రెండు పక్కలవాళ్లూ అదే కాలువను తమ కరపత్రంలో అచ్చు వేసుకున్నారు. ఆమె ఓడిపోయింది. కాలువ సగం వీధి దాకా పడింది, మిగతా సగం బిల్లు రాలేదని ఆగింది.

ఇది చెప్తే మేనల్లుడు, "మళ్లా నిలబడతాదా మామా?" అన్నాడు. తెలియదు. రెండు పక్కలవాళ్లూ ఆమె ఇంటికి పోయి, ఈసారి మా తరపున నిలబడు అక్కా అని అడుగుతున్నారంట.